అమ్మ పెరుగన్నం, ఐదంకెల బిల్లు

పెద్ద హోటళ్లలో కబాబ్ బాగుండటం గొప్ప విషయమేమీ కాదు. అంత డబ్బు తీసుకుని, అంతమంది వంటవాళ్లని పెట్టుకుని, మాంసం మెత్తగా చేయలేకపోతే ఇక ఎందుకు? నేను చూసేది వేరు. టేబుల్ దగ్గర అందరికంటే తక్కువ తినే మనిషి, బిల్లుకు పెద్దగా పనికిరాని మనిషి ఎవరో, వాళ్లని ఎలా చూసుకున్నారన్నది చూస్తాను. మా ఇంట్లో ఆ మనిషి మా అమ్మ. మాంసం ముట్టదు. రాత్రిపూట నాలుగు ముద్దలు మించి తినదు. ఎంత గొప్ప చోటికి తీసుకెళ్లినా చివర్లో "ఒరేయ్, కాస్త పెరుగన్నం ఉంటుందేమో అడుగు" అంటుంది.

మా అమ్మాయికి గచ్చిబౌలిలో ఉద్యోగం వచ్చాక, "ఈసారి మీరంతా రండి, హైదరాబాద్‌లో మంచి మంచి చోట్ల నేను తినిపిస్తా" అంది. విజయవాడ నుంచి అమ్మా, నేనూ, మా ఆవిడా బయల్దేరాం. ఏ హోటల్లో ఏం తినాలో జాబితా అమ్మాయిది, బిల్లు చూసి గుండె పట్టుకునే బాధ్యత నాది.

మొదట ఫలక్‌నుమా. నిజాం కొలువులో పెద్ద జాగీర్దార్లైన పాయిగా వంశానికి చెందిన సర్ వికార్-ఉల్-ఉమ్రా 1884లో కట్టడం మొదలుపెట్టి, కట్టేసరికి అప్పులపాలై, చివరికి ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి అప్పగించిన ప్యాలెస్ అది. తర్వాత దశాబ్దాల తరబడి మూతపడి ఉంది. తాజ్ గ్రూపు లీజుకు తీసుకుని, నిజాం వంశపు కోడలు రాజకుమారి ఎస్రా పర్యవేక్షణలో ఏళ్ల తరబడి బాగుచేయించి, 2010లో హోటల్‌గా తెరిచింది. నూటొక్కమంది ఒకేసారి కూర్చునే డైనింగ్ టేబుల్ ఉన్నది ఇక్కడే. 2017లో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ప్రధాని విందు ఇచ్చింది కూడా అక్కడే. మనలాంటివాళ్లు తినేది ఆ హాల్లో కాదు లెండి, 'అదా' అనే హైదరాబాదీ రెస్టారెంట్‌లో. ముందుగా టేబుల్ బుక్ చేసుకోకపోతే గేటు దాటలేరు.

ఇక్కడ డెకార్ గురించి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. కొత్త రెస్టారెంట్లు లక్షలు పోసి తెచ్చుకోవాలని చూసే పాతదనం దీనికి పుట్టుకతోనే ఉంది. కొండ మీద నుంచి రాత్రిపూట పాతబస్తీ దీపాలన్నీ కింద పరుచుకుని కనిపిస్తాయి. మా ఆవిడ పావుగంట సేపు లోపలికి రాలేదు. నాకు గుర్తున్నది మాత్రం ఆర్డర్ తీసుకున్న కుర్రాడు. మెనూ కార్డు నా చేతికిచ్చి, తిన్నగా అమ్మ పక్కకెళ్లి కాస్త వంగి, "అమ్మా, మీరు కారం తింటారా, తగ్గించమంటారా?" అని తెలుగులో అడిగాడు. అమ్మ అప్పటిదాకా షాండ్లియర్ వైపు అనుమానంగా చూస్తోంది, ఎక్కడ మీద పడుతుందోనని. ఆ ప్రశ్నతో కాస్త సర్దుకుని కూర్చుంది.

పత్థర్ కా గోష్ట్ తెప్పించాం. కాల్చిన నల్లరాతి పలక మీద పల్చటి మాంసం ముక్కలు వేసి కాలుస్తారు. వేటకెళ్లిన నిజాం దగ్గర పుట్టిన వంట అని కథ చెబుతారు. కథ ఎలా ఉన్నా ముక్క అంచున కరకరలాడుతూ, లోపల రసం వదలకుండా వచ్చింది. కచ్చీ గోష్ట్ బిర్యానీ మూత చుట్టూ పెట్టిన పిండిని మా ముందే చాకుతో గీసి తీశారు. పచ్చి మాంసం అడుగున, సగం పైగా ఉడికిన బియ్యం పైన, రెండూ ఒకే ఆవిరి మీద ఒకేసారి ఉడకాలి. బియ్యం మెతుకు విరగకుండా, అడుగున మాంసం పచ్చివాసన లేకుండా రావడమంటే మాటలు కాదు. అమ్మకి బగారా బైంగన్ వచ్చింది. గ్రేవీ వేలితో అద్దుకుని నాలిక మీద పెట్టుకుని, "నువ్వులు, పల్లీలు, కొబ్బరి, చింతపండు. మన గుత్తొంకాయకి మేనత్త కూతురు" అని తేల్చేసింది. మెనూలో లేని పెరుగన్నం అడిగితే, మళ్లీ ఎవర్నీ అడగకుండానే "చేయిస్తాం" అన్నాడా కుర్రాడు. గోరువెచ్చగా, అల్లం ముక్కలేవీ లేకుండా వచ్చింది. పళ్లు లేని మనిషికి అల్లం ముక్క తగలకూడదని మేం చెప్పలేదు. చూసుకున్నాడంతే.

ఖుబానీ కా మీఠా దగ్గర ఒక్క మాట చెప్పాలి. ఎండు ఖుబానీలు, అంటే ఆప్రికాట్లు, రాత్రంతా నానబెట్టి, గింజ తీసి, ఉడికించి మెత్తగా చేస్తారు. ఆ గింజ పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. శ్రద్ధ ఉన్న వంటింట్లో ఆ పప్పు తీసి పైన చల్లుతారు. తీరిక లేనిచోట మామూలు బాదం ముక్కలు వేసేస్తారు, లేదా అదీ ఉండదు. పెళ్లి భోజనమైనా సరే, ఐదు నక్షత్రాలైనా సరే, నేను ముందు ఆ పప్పు కోసమే వెతుకుతా. ఇక్కడ ఉంది.

బిల్లు? నలుగురికి ఐదంకెలు ఖాయం. అందులో వంటకి ఎంత, కొండకి ఎంత అని విడదీయలేం. ఏడాదికోసారి వెళ్లేదైతే నాకు కిట్టుబాటే. బిర్యానీ కోసమే అయితే అంత దూరం వెళ్లక్కర్లేదు.

బేగంపేటలో ఐటీసీ కాకతీయ హోటల్లోని పెషావరీ రెస్టారెంట్ పూర్తిగా వేరే సంగతి. ఢిల్లీలో ఐటీసీ వాళ్లదే అయిన బుఖారా రెస్టారెంట్ పద్ధతిలోనే నడుస్తుంది. రాతిగోడలు, వేలాడే రాగి పాత్రలు, ఎత్తు తక్కువ స్టూళ్లు, అద్దం వెనక తందూరులు. స్పూను, ఫోర్కు ఇవ్వరు, చేత్తోనే తినాలి. బట్టలు పాడవకుండా మెడకి ఒక గళ్ల గుడ్డ కడతారు. అమ్మకి ఆ గుడ్డ కడుతుంటే నవ్వాపుకోలేకపోయింది. "చిన్నప్పుడు నీకు కట్టేదాన్ని" అంది నాతో. ఆ స్టూలు మీద అమ్మ కూర్చోగలదో లేదోనని నేను అటూ ఇటూ చూస్తుండగానే, వీపు ఆనించుకునే చోటికి మార్చారు.

ఇక్కడ మాంసం తినేవాళ్లందరూ రాన్ గురించే, అంటే కాల్చిన మేక తొడ గురించే మాట్లాడతారు. నా ఓటు దాల్‌కి. పొట్టు మినుములు, టమాటా, వెన్న, సన్నని సెగ మీద రాత్రంతా. మసాలా ఘాటు దాదాపు లేనట్టే. గరిటెతో ఎత్తితే తొందరపడకుండా జారుతుంది. అమ్మ ఒక పెద్ద నాన్‌లో ఓ మూల చింపుకుని, ఆ దాల్‌లో ముంచి, ఆ పూట పెరుగన్నం మాటే ఎత్తలేదు. నా దృష్టిలో ఏ అవార్డూ దీనికి సాటి రాదు. ఇక్కడ మెనూ చిన్నది. అదే దీని బలం. వంద వంటకాలు రాసుకున్న చోట వంటవాడికి ఏదీ పూర్తిగా చేతిలో ఉండదు.

దుర్గం చెరువు పక్కన ఐటీసీ కోహినూర్ హోటల్లో దమ్‌పుఖ్త్ బేగమ్స్ అనే రెస్టారెంట్‌కి కూడా వెళ్లాం. లక్నో వైపు అవధ్ వంటల్ని దమ్ పద్ధతిలో, అంటే మూత బిగించి సన్నసెగ మీద ఆవిరితో వండి, పెద్ద హోటళ్లలోకి తెచ్చిన వంటగాడు ఇంతియాజ్ ఖురేషీ పరంపర నుంచి వచ్చిన వంటకాలు. 2016లో పద్మశ్రీ వచ్చింది ఆయనకి, 2024లో పోయారు. కాకోరీ కబాబ్ నోట్లో పెట్టుకుంటే పళ్లకి పనే ఉండదు. మన నాలిక కారానికి అలవాటుపడింది కాబట్టి మొదట చప్పగా అనిపించొచ్చు. మా ఆవిడకి అలాగే అనిపించింది, నాకు మూడో ముద్దకి ఎక్కింది. సర్వీసు నిశ్శబ్దంగా, అతి చేయకుండా ఉంది. ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు.

మాదాపూర్ వైపు ఒక రూఫ్‌టాప్ ఉంది. పేరు వద్దు. ఫొటోలు చూసి మా అమ్మాయి మనసు పడింది. లైట్లు ఎంత తక్కువంటే మెనూ చదవడానికి ఫోన్ టార్చ్ వేయాల్సొచ్చింది. పక్కన స్పీకరు. అమ్మ ఏదో అంటోంది, నాకు పెదాలు కదలడమే కనిపిస్తోంది. కూర్చోగానే "మినరల్ వాటర్ తెమ్మంటారా?" అన్నాడు, మామూలు నీళ్లు అనే మాటే లేకుండా. సీలు తీశాక తెలిసింది అది దిగుమతి నీళ్లని. హోటళ్లు ఎమ్మార్పీ కంటే ఎక్కువకి నీళ్లు అమ్ముకోవచ్చని 2017 డిసెంబర్‌లో సుప్రీంకోర్టే చెప్పింది, కాబట్టి పోట్లాడి లాభం లేదు. కూర్చోగానే "మామూలు నీళ్లు" అనేయడం మేలు. అమ్మకి వెజ్ ఏముందని అడిగితే ట్రఫుల్ నూనె వేసిన పుట్టగొడుగులు చూపించాడు. పెరుగన్నం అడిగితే "అది మా కాన్సెప్ట్ కాదు మేడమ్" అన్నాడు. పెరుగు, అన్నం రెండూ విడివిడిగా మెనూలో ఉన్నాయి! రెండూ తెప్పించి కలుపుకుంది మా అమ్మ. రెండిటికీ విడివిడిగా బిల్లు పడింది.

బిల్లు చూస్తే కింద పది శాతం సర్వీస్ ఛార్జ్. ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెస్టారెంట్లు తమంతట తాము సర్వీస్ ఛార్జ్ వేయకూడదు, వేరే పేరుతో కూడా వసూలు చేయకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చి 28న ఆ మార్గదర్శకాల్ని సమర్థించింది. నెమ్మదిగానే అడిగాను. "స్టాఫ్ కోసం సార్" అన్నాడు మేనేజర్. స్టాఫ్‌కి నేనే ఇస్తానన్నాను. మొహం ముడుచుకుని వెళ్లి బిల్లు మార్చి తెచ్చాడు. మార్చకపోతే 1915కి ఫోన్ చేయొచ్చు, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది. ఆ మాట అనేదాకా వెళ్లలేదు.

పన్నుల లెక్క కూడా ముందే మనసులో పెట్టుకోవాలి. మామూలు రెస్టారెంట్లలో తిండి మీద జీఎస్టీ 5 శాతం. గది అద్దె 7,500 రూపాయలు దాటే స్టార్ హోటళ్లలో ఉన్న రెస్టారెంట్లలో 18 శాతం. పది వేల భోజనం బయట 10,500, హోటల్లో 11,800. దాని మీద పది శాతం సర్వీస్ ఛార్జ్ కూడా వేస్తే, ఆ వెయ్యి, దాని మీద మళ్లీ 18 శాతం అంటే 180, మొత్తం మరో 1,180. మెనూలో రేటు చూసి సరేననుకున్నవాడికి చివర్లో వచ్చే టెన్షన్ అంతా ఇదే. మద్యం దీంట్లోకి రాదు, దానికి వేరే వ్యాట్.

ఆఖరున జూబ్లీహిల్స్‌లో ఖరీదైన తెలుగు భోజనం. దీని పేరూ చెప్పను. తెలుగు వంటకి పెద్ద రెస్టారెంట్లో మార్కులు వేయడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే కొలబద్ద మన వంటింట్లోనే ఉంటుంది. పప్పుచారు మందు తాగే చిన్న గ్లాసులో వచ్చింది. కందిపొడి చిటికెడు, గాజు మూత కింద. దాని మీద నెయ్యి చుక్క వేయడానికి ఒక మనిషి, డ్రాపర్‌తో. అమ్మ ఆ డ్రాపర్‌ని, నన్ను మార్చి మార్చి చూసింది. "చెవిలో వేసేదా?" అంది. మా అమ్మాయి నీళ్లు తాగుతూ పొలమారింది.

గోంగూర మాంసం మాత్రం అచ్చంగా ఉంది. పులుపు ముందు తగిలి, కారం తర్వాత మెల్లగా ఎక్కేలా. పాత్ర సైజు చూసి అంత బాగుంటుందని అనుకోలేదు. వడ్డించే కుర్రాడిది శ్రీకాకుళం వైపు యాస. అమ్మ ప్లేటులో గోంగూర పచ్చడి అయిపోవడం గమనించి, ఏమీ అడగకుండా లోపలికెళ్లి గిన్నెడు తెచ్చి పక్కన పెట్టాడు, "ఇది మెనూలోది కాదమ్మా, మాకు చేసుకున్నది" అన్నాడు. సిబ్బంది భోజనానికి నూరుకున్న పచ్చడి అది. అక్కడ తిన్నవాటిలో అన్నిటికంటే బాగున్నది ఆ బిల్లులో లేనిదే. ఆ యాజమాన్యం డ్రాపర్లు మానేసి ఆ కుర్రాడి మాట వింటే బాగుండు.

మీరు వెళ్లేటట్టయితే ఒకటి రెండు సంగతులు. ఫలక్‌నుమాకు గచ్చిబౌలి వైపు నుంచి సాయంత్రం బయల్దేరితే ట్రాఫిక్‌కి గంటన్నర పైగా పెట్టుకోండి, వెలుతురు ఉండగా చేరితేనే కొండ మీది చూపు దక్కుతుంది. బుక్ చేసేటప్పుడే పెద్దవాళ్లు వస్తున్నారని, మెట్లెక్కలేరని చెప్పండి. మంచి చోటైతే ఆ ఒక్క మాటకే వాళ్లు ఎలా స్పందిస్తారో అక్కడే తెలిసిపోతుంది. టిప్పు ఇవ్వాలనిపిస్తే బిల్లు ఫోల్డరులో పెట్టకుండా, వడ్డించిన మనిషి చేతికే నోటుగా ఇవ్వండి. జీపేలో ఇస్తే ఎవరి ఖాతాలోకి వెళ్తుందో మనకి తెలీదు.