ఓటీటీ చందాలు: ఏళ్లు వాడాక తేలిన లెక్క

ఓటీటీ ఖర్చు పెరిగిందంటే అందరి చూపూ నెలవారీ రేటు మీదకే పోతుంది. నాలుగైదు సర్వీసులు ఏళ్ల తరబడి వాడాక నాకు అర్థమైంది వేరు. రేటు పెరగడం ఒక ఎత్తు, అదే రేటుకు దక్కేది తగ్గిపోవడం మరో ఎత్తు. నెట్‌ఫ్లిక్స్ 2022 నవంబరులో యాడ్స్ ఉండే ప్లాన్ తెచ్చింది. 2023లో, అకౌంట్ ఒక్క ఇంటివాళ్లకేనన్న నిబంధనను చాలా దేశాల్లో గట్టిగా అమలు చేసింది. 2024 జనవరిలో ప్రైమ్ వీడియో అమెరికాలో సినిమాల మధ్య యాడ్స్ వేయడం మొదలుపెట్టి, అవి వద్దనుకుంటే అదనంగా కట్టమంది. నిన్నటి మామూలు ప్లాన్ ఇవాళ ఖరీదైన ప్లాన్ అయిందన్నమాట.

అందుకే ప్లాన్ల పేజీలోని అంకె కంటే చూసిన గంటకు ఎంత పడిందన్నదే అసలు లెక్క. దీనికి పెద్ద తంటా లేదు. నెట్‌ఫ్లిక్స్‌లో అయితే బ్రౌజర్‌లో అకౌంట్ తెరిచి, మీ ప్రొఫైల్ కింద వ్యూయింగ్ యాక్టివిటీ నొక్కండి. ఏ తేదీన ఏ ఎపిసోడ్ చూశారో వరుసగా కనిపిస్తుంది. ప్రైమ్ వీడియోలో వాచ్ హిస్టరీ ఉంది. గడిచిన 3 నెలలవి గంటల్లోకి మార్చి, కట్టిన మొత్తాన్ని వాటితో భాగించండి. ఐదు నిమిషాలు చూసి వదిలేసినవీ ఆ జాబితాలో ఉంటాయి, వాటిని తీసేయాలి. ఇంట్లో మిగతా ప్రొఫైళ్లు కూడా కలపాలి, లేకపోతే లెక్క తప్పుతుంది. నెలకు 5 గంటలు కూడా దాటని సర్వీసును ఆపేయమనే చెబుతాను.

ఆపేయడమంటే శాశ్వతంగా కాదు. ఒకసారి ఒకటే పెట్టుకుని, నెల నెలా మార్చుకోవడమే ఇన్నేళ్లలో బాగా పనిచేసిన పద్ధతి. వారానికొక ఎపిసోడ్ వచ్చే సిరీస్‌ల దగ్గర జాగ్రత్త. 8 ఎపిసోడ్ల సిరీస్‌కి మొదటిదానికీ చివరిదానికీ మధ్య 49 రోజులు. మొదటి రోజే చందా కడితే రెండు నెలల డబ్బు పోతుంది. చివరి ఎపిసోడ్ వచ్చిన వారంలో కడితే ఒక్క నెలలో మొత్తం అయిపోతుంది. ఈ వారం వారం పద్ధతి మన రెండో నెల చందా కోసమేనని నా గట్టి నమ్మకం.

ఎక్కువమంది దెబ్బతినేది రద్దు చేసే దగ్గర. ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే చందా ఆగదు. ఎక్కడ కట్టారో అక్కడే ఆపాలి: యాపిల్ లేదా గూగుల్ ద్వారా కడితే వాళ్ల సబ్‌స్క్రిప్షన్ల పేజీలో, మొబైల్ కంపెనీ ప్యాక్‌తో వస్తే ఆ కంపెనీ దగ్గర. యాపిల్‌లో రెన్యూవల్‌కు కనీసం 24 గంటల ముందే ఆపాలి, చివరి రోజు సాయంత్రం గుర్తొస్తే ఆలస్యమైపోతుంది. కార్డు మారిందిలే, ఇక డబ్బు పోదులే అనుకోవడమూ పొరపాటే. కొత్త కార్డు వివరాలు కంపెనీకి దానంతటదే చేరే ఏర్పాటు చాలాచోట్ల ఉంది. కట్టిన రోజే ఆటో రెన్యూవల్ తీసేయడం అన్నిటికన్నా మంచిది. నెల పూర్తయ్యేదాకా మామూలుగానే చూడొచ్చు. ఉచిత ట్రయల్ మాత్రం కొన్నిచోట్ల రద్దు చేసిన క్షణమే ఆగిపోతుంది, ముందే చదువుకోండి. చూసిన చరిత్ర పోతుందన్న భయమూ అక్కర్లేదు, నెట్‌ఫ్లిక్స్ దాన్ని కొన్ని నెలలు ఉంచుతుంది.

ఇక 4కె. ఆ ప్లాన్‌కి డబ్బు కట్టి మామూలు హెచ్‌డీ చూస్తున్న ఇళ్లు చాలానే ఉంటాయి. టీవీ 4కె అయినంత మాత్రాన చాలదు. స్టిక్ లేదా బాక్స్ వాడితే అదీ, దాన్ని గుచ్చిన హెచ్‌డీఎంఐ పోర్టూ హెచ్‌డీసీపీ 2.2 (కాపీ చేయకుండా అడ్డుకునే రక్షణ) ఉన్నవి కావాలి. టీవీకి నాలుగు పోర్టులుంటే పాత మోడళ్లలో ఒకటో రెండో మాత్రమే అలాంటివి. నెట్ 15 ఎంబీపీఎస్ నిలకడగా రావాలి, గంటకు 7 జీబీ దాకా ఖర్చవుతుంది. హెచ్‌డీకి 3 జీబీ చాలు. ఆండ్రాయిడ్ ఫోన్లలో వీడియో కాపీ కాకుండా చూసే రక్షణ పేరు వైడ్‌వైన్. ఫోన్‌లో దాని పై స్థాయి ఎల్1 లేకుండా, కింది స్థాయి ఎల్3 మాత్రమే ఉంటే, ఏ ప్లాన్ కట్టినా చాలా సర్వీసుల్లో బొమ్మ హెచ్‌డీకి చేరదు. నెట్‌ఫ్లిక్స్‌లో టెస్ట్ ప్యాటర్న్స్ అని వెతికి ప్లే చేయండి. అందుతున్న రిజల్యూషన్ తెర మీదే కనిపిస్తుంది. రెండు నిమిషాలు ఆగినా 3840 (4కె బొమ్మ వెడల్పు) రాకపోతే కింది ప్లాన్‌కి దిగిపోండి.

ఏడాది ప్లాన్ 10 నెలల ధరకు వస్తుంటే, ఏడాదిలో 10 నెలలకు పైగా చూసేవాళ్లకే అది లాభం. మధ్యలో రేటు పెరిగినా మన మీద పడదన్నది నిజమే. మధ్యలో యాడ్స్ వచ్చి పడితే మాత్రం ఆ ఏడాది ప్లాన్ కాపాడదు. యాడ్స్ ప్లాన్ విషయానికొస్తే, ఒక్కరే అప్పుడప్పుడూ చూసే ఇంటికి అది సరిపోతుంది. కానీ నెట్‌ఫ్లిక్స్‌లో లైసెన్సుల వల్ల ఆ ప్లాన్‌లో కొన్ని సినిమాలు రావు, వాటికి తాళం గుర్తు పడుతుంది. ఒక నెల కట్టి, చూడాలనుకున్న సినిమా పేరు వెతికి, ఆ గుర్తు లేదని తేల్చుకున్నాకే కొనసాగించండి.