నూలు కాగితం, చుక్కల పుస్తకం, కడప బండ: నాలుగేళ్లు వాడాక

పెండ్లి పత్రికలు, పేరు కార్డులు, కవర్లు తయారుచేసే పనికి కాగితం ఎంచుకునేటప్పుడు అంగట్లో తెలిసేది సగమే. మిగతా సగం ఏప్రిల్, మే నెలల్లో తెలుస్తుంది. కడపలో ఎండ 40 డిగ్రీలు దాటిన రోజుల్లో ఠావులు అంచుల దగ్గర బిగుసుకుపోతాయి, మడత దగ్గర పగులుతాయి, యంత్రంలోకి రెండేసి కలిసి పోతాయి. అందుకే తెల్లదనం, మందం తర్వాతి మాట. ముందు చూడాల్సింది కాగితంలో ఉన్న తేమ, అందులో నార పోయే దిక్కు. నాలుగు వేసవులు, నాలుగు వానాకాలాలు బల్ల మీద రోజూ ఉన్న సరుకు గురించి రాస్తున్నాను.

మొదటి స్థానం చేతితో చేసిన నూలు కాగితానిది. బనియను బట్ట కుట్టే చోట మిగిలే తెల్ల పీలికలను నీళ్లలో నలగ్గొట్టి గుజ్జు చేస్తారు. ఆ గుజ్జును జల్లెడ చట్రంతో ఒక్కొక్క ఠావుగా ఎత్తి, ఒత్తి, ఆరబెడతారు. పుదుచ్చేరి అరవిందాశ్రమం కాగితం, జైపూరు పక్కన సాంగనేరు కాగితం ఈ కోవలోవే. నాలుగు అంచులూ కత్తిరించకుండా నూలుపోగుల్లా వదిలేసి ఉంటాయి. ఆ అంచుకే చాలామంది మనసు పారేసుకుంటారు, తప్పులేదు. కానీ మా ఎండకు ఈ కాగితం నచ్చడానికి అసలు కారణం వేరే ఉంది. మిల్లు కాగితంలో నార ఎక్కువభాగం యంత్రం తిరిగే వైపే సాగి ఉంటుంది. తేమ తగ్గితే ఒక దిక్కున ఎక్కువ, ఇంకో దిక్కున తక్కువ ముడుచుకుని చుట్ట చుట్టుకుంటుంది. చేతి కాగితంలో నార అన్ని దిక్కులా కలగాపులగంగా పడుతుంది కాబట్టి ఒకవైపే చుట్టుకునే గుణం బాగా తక్కువ.

మూడు బరువులు వాడకంలో ఉన్నాయి. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం తూగే గ్రాములు. 120 జీఎస్ఎం లోపలి ఆకులకు, కవర్లకు. 200 జీఎస్ఎం మడత పత్రికలకు. 300 జీఎస్ఎం మడత లేని ఒంటి కార్డులకు. 300ను మడవాలని మొండిగా ప్రయత్నిస్తే వీపున నూలు పైకి లేచి మురికి పట్టినట్టు కనిపిస్తుంది. ఒకే కట్టలో కూడా మందం తేడా ఉంటుంది. వంద కార్డులు కావాలంటే నూట పదిహేను ఠావులకు లెక్క వేసుకోవాలి. మిగిలిన పదిహేనూ నమూనాలకు, పాడైనవాటికి సరిపోతాయి.

కట్ట రాగానే చేయాల్సిన పరీక్ష ఒకటుంది. ఒక మూల నీటి చుక్క వేయండి. నిమిషం సేపు ముత్యంలా నిలిస్తే జిగురు బాగా పట్టించిన కాగితం, ఫౌంటెన్ పెన్నుకు పనికొస్తుంది. వెంటనే పీల్చుకుంటే సిరా నలువైపులా పాకుతుంది, దాన్ని స్క్రీన్ ప్రింటింగుకే ఉంచుకోవాలి. ఈ తేడా కట్ట మీద ఎక్కడా రాసి ఉండదు. ఒకే చోటి నుంచి వచ్చిన రెండు కట్టల మధ్య కూడా ఉంటుంది.

ఇక అచ్చు. గరుకు కాగితం మీద తెలుగు అక్షరం పడే పాట్లు ఇంగ్లీషు అక్షరానికి లేవు. ద, ధ మధ్య తేడా కింద పడే చిన్న గీతే. థ, ఠలకు నడుమ చుక్కే ప్రాణం. సిరా కాస్త ఎక్కువైతే ఆ చుక్క చుట్టూ ఉన్న ఖాళీ పూడిపోతుంది. తక్కువైతే గీత పడదు, 'వధువు' కాస్తా 'వదువు' అవుతుంది. పత్రికలో అంతకంటే పెద్ద తప్పు లేదు. అందుకే ప్రెస్సుకు ఇచ్చే నమూనా ఠావులో 'వధూవరులు, రథం, పాఠం, షష్ఠి' అని అనుకున్న సైజులో ఒకసారి, ఒక పాయింటు తగ్గించి ఒకసారి వేయించి చూడాలి. నూలు కాగితం మీద స్క్రీన్ అచ్చుకు 13 పాయింట్ల కంటే తగ్గకపోవడం మంచిది. స్క్రీన్ చట్రానికి సెంటీమీటరుకు 120 దారాలున్న బట్ట వాడితే సన్నగీతలు నిలుస్తాయి. వరసల మధ్య ఎడం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు కావాలి. లేదంటే పై వరస ఒత్తులు కింది వరస గుడులకు తగులుతాయి.

లేజరు ప్రింటరు ఈ కాగితానికి సరిపడదు. దాని సిరా పొడి కాగితంలో ఎత్తు భాగాల మీదే అంటుకుని పల్లాల్లోకి దిగదు, మడత దగ్గర పొట్టులా రాలుతుంది. పూరేకులు కలిపిన కాగితాన్నయితే లేజరులో అసలు పెట్టకండి, రోలర్లు పాడవుతాయి. ఇంక్‌జెట్ అయితే వెనక నుంచి నిటారుగా కాగితం దిగే రకం, అందులోనూ పిగ్మెంట్ ఇంకు ఉన్నది కావాలి. ఆఫ్‌సెట్‌లో నూలు దూది అచ్చును కాగితం మీదికి దించే రబ్బరు బ్లాంకెట్‌కు అంటుకుని వంద కాపీలకే అచ్చులో తెల్లమచ్చలు మొదలవుతాయి.

అంచు చింపే పద్ధతి: కావలసిన గీత మీద తడి కుంచె రెండుసార్లు నడపాలి. 300 జీఎస్ఎం అయితే వెనకవైపు కూడా. అర నిమిషం ఆగి, స్టీలు స్కేలు గట్టిగా అదిమి, కాగితాన్ని నెమ్మదిగా మన వైపు లాగాలి. వేసవిలో నిమిషం ఆగితే తడి ఆరిపోతుంది, అంచు పళ్లుపళ్లుగా వస్తుంది. పెన్సిల్ గీత హెచ్‌బితో చాలు. 2హెచ్‌తో నొక్కి గీస్తే గాడి పడి, రబ్బరుతో తుడిచినా పోదు.

ఇంకో పరీక్ష మన ఇళ్లలోనే ఉంది: పత్రిక నాలుగు మూలలా పెట్టే పసుపు. తడి పసుపు నూలు కాగితంలోకి ఇంకి నిలుస్తుంది. 200 జీఎస్ఎం దాటితే ముడత కూడా రాదు. మెరుపు లామినేషన్ మీద పసుపు పట్టదు, ఆరాక పొడిగా రాలి పక్క కార్డును, కవరును ఖరాబు చేస్తుంది. లామినేషన్ తప్పదంటే మూలల దగ్గర గోటి వెడల్పు ఖాళీ వదిలిన డిజైన్ వేసి, పసుపు పెట్టిన కార్డులను పూర్తిగా ఆరాకే కవర్లలో పెట్టాలి. పసుపుతోనే కాగితానికి రంగు వేద్దామనే ఆలోచన మాత్రం వద్దు. ఆ రంగు ఎండ తగిలితే త్వరగా వెలిసిపోతుంది.

300 జీఎస్ఎం ఆర్ట్ కార్డు (నున్నటి పూత వేసిన మిల్లు కార్డు) గురించి చెప్పాల్సింది తక్కువ. ఫొటో ఉన్న పత్రికకు దాన్ని మించింది లేదు, పెన్నుతో పేర్లు రాయాలంటే దాని అంత ఇబ్బంది పెట్టేదీ లేదు. జెల్ పెన్ను ఆరదు, చేయి తగిలితే చెరుగుతుంది. మడత పగలడమే దాని మీద ఎక్కువగా వచ్చే ఫిర్యాదు. అది చాలావరకు కార్డు తప్పు కాదు, గ్రెయిన్‌కు (నార పోయే దిక్కుకు) అడ్డంగా మడవడం వల్ల వచ్చేది. ఠావు నుంచి నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి 15 సెం.మీ. పొడవు, ఒకటిన్నర సెం.మీ. వెడల్పు పట్టీలు కోసి, రెండూ ఒకచోట కొస దగ్గర పట్టుకోండి. ఎక్కువ వంగిన పట్టీ గ్రెయిన్‌కు అడ్డంగా కోసింది. బిగువుగా నిలిచినది గ్రెయిన్ వెంట కోసింది. మడత గ్రెయిన్ వెంటే పడేట్టు ఠావు మీద కార్డులు పేర్చమని కోతకు ముందే చెప్పాలి, తర్వాత చెప్పి లాభం లేదు. మడతకు ముందు కార్డును బ్లేడుతో గాడిలోకి నొక్కడాన్ని క్రీజింగ్ అంటారు. ఆ గాడి వెడల్పుకు ఒక లెక్క ఉంది: కార్డు మందానికి రెండింతలు, దానికి క్రీజింగ్ బ్లేడు మందం కలపాలి. 0.3 మి.మీ. కార్డు, 0.7 మి.మీ. బ్లేడు అయితే గాడి 1.3 మి.మీ. మడిచేటప్పుడు ఉబ్బు వచ్చిన వైపు లోపలికి పోవాలి. చాలామంది తిరగేసి మడుస్తారు, పగిలేది అందుకే.

ఆలోచనలన్నీ మొదలయ్యే చోటు చుక్కల పుస్తకం. ఏ5 సైజు, 100 జీఎస్ఎం, లేత గోధుమ వన్నె, 5 మి.మీ. ఎడంతో బూడిదరంగు చుక్కలు. దారంతో కుట్టినదే కొనాలి. బంకతో మాత్రమే అతికించిన పుస్తకం రేకుల గదిలో ఒక వేసవి గడిపితే వీపు బిరుసెక్కి, తెరిచినప్పుడు చిటుక్కుమని ఆకులు ఊడతాయి. కుట్టిన పుస్తకం బల్ల మీద చాపలా పరుచుకుంటుంది, రెండు పేజీల మీదుగా ఒకే గీత గీయొచ్చు. చుక్కలు మరీ నల్లగా ఉన్న రకం తీసుకోకండి, స్కాన్ చేశాక చెరపడానికే సగం రోజు పోతుంది.

చుక్కల పుస్తకం అనగానే ముగ్గు గుర్తొస్తుంది కానీ ఒక మెలిక ఉంది. ఈ పుస్తకంలో ఉన్నది ఎదురు చుక్క, అంటే చుక్క కిందే చుక్క. రెండు చుక్కల సందులో కింది చుక్క పడే సందు చుక్క ముగ్గు దించాలంటే ఒక చుక్క విడిచి ఒకటి తీసుకోవాలి. అప్పుడు 15 చుక్కల నడుమ వరసకే 140 మి.మీ. పడుతుంది. ఏ5 వెడల్పు 148, కుట్టు దగ్గర పోయేది తీసేస్తే చాలదు. పైగా ఆకారం సాగినట్టు వస్తుంది, ఎందుకంటే సరైన సందు చుక్కలో వరసల ఎడం చుక్కల ఎడంలో 0.866 వంతు ఉండాలి. దానికి త్రికోణపు చుక్కల కాగితం విడిగా అచ్చు వేసుకోవడమే దారి. '15 చుక్కలు, సందు చుక్క 8 వరకు' అనే లెక్కలో మొత్తం 169 చుక్కలు. 5 మి.మీ. ఎడంతో 7 సెం.మీ. వెడల్పులో ఇమిడిపోతుంది, పత్రిక ముఖం మీద అచ్చంగా కూర్చుంటుంది.

అంచుల కోసం మళ్లీ మళ్లీ తెరిచేది లేపాక్షి బొమ్మల పేజీలే. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ కట్టించిన ఆ వీరభద్రాలయంలో లతా మండపం స్తంభాల మీద తీగలు, పువ్వులు, హంసలు పలకలు పలకలుగా చెక్కి ఉన్నాయి. చీరల అంచులకు నేతగాళ్లు వాటినే ఎత్తుకున్నారు, కాగితానికీ అవే బాగా కుదురుతాయి. పైకప్పు చిత్రాల్లో మనుషులు కట్టుకున్న బట్టల అంచులు చూడండి, రంగుల జతలు నేర్చుకోవడానికి అంత మంచి పాఠం దగ్గరలో లేదు.

అంచును మూల తిప్పడం దగ్గరే అందరూ చిక్కుకుంటారు. పువ్వు సగానికి తెగకూడదంటే ఖాళీ ఎంత వదలాలో లెక్కతో తేలుతుంది. ఏ5లో నిలువుకూ అడ్డానికీ తేడా 62 మి.మీ. ఒక పలక వెడల్పు ఆ తేడాను సరిగ్గా భాగించాలి. పలక 15.5 మి.మీ. తీసుకుంటే అడ్డం 8, నిలువు 12 పలకలు పట్టి నాలుగు వైపులా 12 మి.మీ. ఖాళీ మిగులుతుంది. మూలల్లో ఒక్క పువ్వూ తెగదు. 5 అంగుళాలకు 7 అంగుళాల కార్డు అయితే పలక అర అంగుళం, ఖాళీ అర అంగుళం. అక్కడా 8, 12 పలకలే.

నిమ్మలకుంట తోలుబొమ్మల నుంచి తీసుకున్నది రంధ్రాల పని. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మ నగల్లో రంధ్రాల వరసలు వెలుతురుకు ఎలా మెరుస్తాయో కాగితంలోనూ అలాగే పనిచేస్తాయి, కానీ ఏ కాగితమన్నది ముఖ్యం. నూలు కాగితంలో రంధ్రం అంచు దూదిలా లేస్తుంది. నున్నటి గట్టి కాగితమైన ఐవరీ బోర్డు 210 జీఎస్ఎంలో కోసినట్టు వస్తుంది. రంధ్రం 1 మి.మీ. అయితే రెండింటి మధ్య కనీసం అంతే ఎడం ఉంచాలి, తగ్గితే తపాలాబిళ్లలా చిరుగుతుంది. ముఖం వైపు నుంచే పొడవాలి, మొటిమ వెనక్కి పోతుంది.

నమూనాలకు వాడే ఏ4 రీము విషయంలో ఒక్క మాట. అట్ట మీద రాసిన బరువు నమ్మక తూకం వేయండి. ఏ0 ఠావు ఒక చదరపు మీటరు, అందులో ఏ4 పదహారో వంతు. కాబట్టి 500 కాగితాల 75 జీఎస్ఎం రీము 2.34 కిలోలు, 70 జీఎస్ఎం అయితే 2.19 కిలోలు ఉండాలి. అట్ట బరువు తీసేసి చూడాలి.

గోధుమరంగు క్రాఫ్ట్ కవర్లలో 100 జీఎస్ఎం సరిగ్గా సరిపోయింది. 80 అయితే లోపలి రంగు కాగితం పైకి కనబడుతుంది. ఏ6 కార్డుకు సీ6 కవరు, అంటే 114 మి.మీ.కు 162. అడ్డం 9, నిలువు 14 మి.మీ. సందు ఉంటుంది. లోపల రెండు మూడు ఆకులుంటే ఆ సందూ చాలదు. కవరు మూసే బంక వేసవిలో ఎండిపోతుంది. అందుకు మైదా జిగురే మేలు: 100 గ్రాముల మైదాను అర లీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ 8, 10 నిమిషాలు, గాజులా మారేదాకా ఉడికించాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, వంటపాత్ర వాడొద్దు, పిల్లలకు అందనీయొద్దు. తెల్లకాగితం మీద లేత నీలి మరక వస్తుంది కాబట్టి క్రాఫ్టుకే అది. మామూలు మైదా జిగురు వేసవిలో రెండు రోజులకే పులుస్తుంది.

చివరగా, అన్నిటికంటే చవకైనది, అన్నిటికంటే ఎక్కువ పనిచేసేది: కడప బండ. ఒకవైపు పాలిష్ చేసిన అడుగు చదరం ముక్క, 2 సెం.మీ. మందం, ఐదు కిలోల దాకా తూగుతుంది. అతికించిన ఆకుల మీద అద్దుడు కాగితం పరిచి, పాలిష్ వైపు కిందికి పెట్టి రాత్రంతా ఉంచితే ఉదయానికి అట్టలా చదునుగా వస్తాయి. అద్దుడు కాగితం వేయకపోతే తడికి రాయి అంటి బూడిద మచ్చ పడుతుంది. నిమ్మరసం, చింతపండు తగిలితే పాలిష్ చెడుతుంది, వంటింటి నుంచి తెచ్చిన పాత బండ అయితే చూసి వాడండి.

నిల్వ దగ్గర ఎయిర్ కూలరే పెద్ద శత్రువు. పగలు పొడిగాలికి అంచులు ముడుచుకున్న కట్ట, సాయంత్రం కూలరు తడిగాలికి అంచుల దగ్గర అలలు తేలుతుంది. కట్టలను కూలరు గాలికి ఎదురుగా పెట్టకుండా, విప్పినవాటిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నేలకు జానెడు ఎత్తున పడుకోబెట్టి ఉంచాలి. అచ్చుకు పంపే కాగితాన్ని ఒక రోజు ముందే ప్రెస్సు గదికి చేర్చి, సీలు తీయకుండా అక్కడి వేడికి అలవాటు పడనిచ్చి, యంత్రం మీదికి ఎక్కించే ముందే విప్పమని చెప్పండి. అక్టోబరు, నవంబరు వానల్లోనూ ఇదే పద్ధతి.