అను ఫాంట్లా, యూనికోడా? తెలుగు టైపింగుకు ఏది మేలు

నెల్లూరు ట్రంకు రోడ్డయినా, ఒంగోలు కర్నూలు రోడ్డయినా, డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇంకా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను ఫాంట్లే. పెళ్ళికార్డు, కరపత్రం వరకైతే నా ఓటూ వాటికే. అక్షరం నిండుగా ఉంటుంది, రకాలు బోలెడు, అలవాటుపడ్డ చేతికి పని చకచకా సాగుతుంది.

చిక్కంతా ఫైలు షాపు దాటితేనే. అనులో పైకి కనిపించేది తెలుగు, లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అంతా పిచ్చి గీతలే. కావలి నుంచి ఒక రైతు భూమి అర్జీని ఇలా టైపు చేయించి మెయిల్లో పంపితే అవతల ఎవరు చదవగలరు? కంట్రోల్ ఎఫ్ కొట్టి ఆయన పేరు యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాలకు సొంత కోడ్ ఉండే ప్రపంచ ప్రమాణంలో, వెతికినా దొరకదు. అందుకే అర్జీలు, వార్తలు, వాట్సాప్‌లో తిరిగేవన్నీ యూనికోడ్‌లోనే ఉండాలంటాను.

యూనికోడ్‌లో డబ్బాలు కనిపిస్తే టెన్షన్ పడకండి. మేటర్ ఎక్కడికీ పోలేదు, ఎంచిన ఫాంటులో తెలుగు లేదంతే. విండోస్ 8 నుంచి నిర్మల యూఐ ఉంటుంది, దానికి మార్చి చూడండి. అందమైన అక్షరం కావాలంటే మండలి, రామభద్ర, సూరన్న గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం. పేజ్‌మేకర్ యూనికోడ్‌ను తీసుకోదు కాబట్టి అడోబీ వాళ్ళ ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌కి మారాల్సిందే. అక్కడ వత్తులు విడిపోతే పేరాగ్రాఫ్ ప్యానెల్లో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచాలి.

ఇక కీబోర్డు. ఎప్పుడో ఒకసారి రాసేవాళ్ళకు ఇంగ్లీషు స్పెల్లింగుతో తెలుగు కొట్టే ఫొనెటిక్ చాలు. రోజంతా టైపు చేసేవాళ్ళకు మాత్రం తెలుగు అక్షరాలకు నేరుగా కీలు ఉండే ఇన్‌స్క్రిప్టే మేలు. ‘నెల్లూరు’కి వి, జడ్, ఎన్, డి, ఎన్, టి, జె, జి: ఎనిమిది నొక్కులు. డి అంటే పొల్లు, అది నొక్కి హల్లు కొడితే వత్తు పడుతుంది. ఇంగ్లీషుకు మారడానికి విండోస్ కీ, స్పేస్.

‘సాఫ్ట్‌వేర్’ కొడితే ట వత్తుకు తోడు వ కూడా వత్తుగా పడిపోవడం అందరినీ విసిగించేదే. ఎమ్మెస్ వర్డ్‌లో పొల్లు తర్వాత ఇంగ్లీషుకు మారి 200, దాని పక్కనే సి కొట్టి, ఆల్ట్ ఎక్స్ నొక్కితే విడిపోతుంది.

పాత అను ఫైళ్ళను కన్వర్టర్‌తో మార్చుకోవచ్చు. మార్చాక వత్తులు, ఇంటిపేర్లు, సర్వే నంబర్లు కంటితో సరిచూడందే ప్రింటు తీయకండి. ఒక్క వత్తు తప్పినా ఆఫీసు చుట్టూ మళ్ళీ తిరగాల్సింది ఆ రైతే.