బరంపురంలో పాత వీధా, గేటెడ్ కాలనీయా?

మా అమ్మ ఉండేది ఒడిశాలోని బరంపురం పాత వీధిలో. మేము ఊరి చివర గేటెడ్ కాలనీలో. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. కాలనీలో జనరేటర్ ఉండబట్టి నీళ్లకు ఇబ్బంది పడలేదు. అమ్మ వీధికి మాత్రం ఒక్క బావే దిక్కయింది. పక్కింటి పిన్ని తెల్లవారుజామునే రెండిళ్లకూ చేదతో తోడి పోసింది.

కాలనీలో పిల్లలు బండ్ల భయం లేకుండా ఆడుకుంటారు. నెలనెలా కట్టే నిర్వహణ రుసుము బరువే.

నన్ను బాధించేది భాష. వీధి అరుగుల మీద తెలుగు దానంతటదే అబ్బుతుంది. కాలనీలో ఒడియా, హిందీల మధ్య పెరిగిన మా అమ్మాయి అమ్మమ్మకు హిందీలో బదులిస్తోంది. రెండేళ్లకోసారి ఊరి దేవత జాతర, ఠాకురాణి యాత్ర, వచ్చినప్పుడు ఆ అరుగు మీదే నెల్లాళ్లు ఉంచుతాను. అప్పుడు తెలుగులోనే పోట్లాడుతుంది.