వాల్యుయేషన్ రిపోర్టుల మీద డిజిటల్ సంతకం: కొన్నేళ్లు వాడాక నా మాట

బ్యాంకు ప్యానెల్ వాల్యుయర్‌ని, అంటే లోన్ల కోసం ఆస్తుల విలువ కట్టేవాణ్ణి. ఇళ్లు, స్థలాల రిపోర్టుల మీద కొన్నేళ్లుగా క్లాస్ 3 డీఎస్‌సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) ఉన్న యూఎస్‌బీ టోకెన్‌తోనే సంతకం చేస్తున్నాను. ఎక్కడ కొనాలి, డ్రైవర్ ఎలా వెయ్యాలి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. సంతకం పెట్టాక రిపోర్టులో ఎవరు చెయ్యి పెట్టినా ఇది పట్టిస్తుంది. నా పరువు కాపాడింది ఆ ఒక్క గుణమే.

మా లైన్లో ఇప్పటికీ చాలామంది సంతకం, స్టాంపు స్కాన్ చేసి వర్డ్ ఫైల్లో అతికించి, పీడీఎఫ్ చేసి పంపేస్తారు. ఆ బొమ్మని కత్తిరించి ఇంకో రిపోర్టు మీద పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. అది సంతకం కాదు, సంతకం ఫొటో.

ఒక హౌసింగ్ లోన్ ఫైలు గురించి చెప్తాను. 200 గజాల స్థలం, అందులో పాత డాబా. గజం 22,000 చొప్పున స్థలానికి 44 లక్షలు, కట్టడానికి 24 లక్షలు, మొత్తం 68 లక్షలని రాసి బ్రాంచికి మెయిల్ చేశాను. లోన్ ప్రాసెసింగ్ సెంటర్‌కి మాత్రం ఆ మెయిల్ కాకుండా, మధ్యలో ఏజెంటు పంపిన కాపీ చేరింది. అక్కడి మేనేజర్ ఫోన్ చేశారు.

"సార్, మీ రిపోర్టు తెరిస్తే సంతకం చెల్లదని ఎర్ర గుర్తు వస్తోంది."

"మొత్తం విలువ ఎంతుంది మేడమ్ అందులో?"

"ఎనభై ఆరు లక్షలు."

"నేను రాసింది అరవై ఎనిమిది మేడమ్."

ఆ కాపీ తెప్పించుకుని చూశాను. గజం ధర 31,000 అయింది. స్థలం 62, కట్టడం 24, మొత్తం 86. ఎక్కడా లెక్క తప్పలేదు. అక్షరాల్లో రాసిన అంకె కూడా మార్చారు. ఫాంట్ కూడా అదే. కంటితో చూస్తే నేనే రాశాననుకుంటాను. అక్రోబాట్ రీడర్‌లో సంతకాల ప్యానెల్ తెరిచి, సంతకం మీద రైట్ క్లిక్ కొట్టి, సంతకం చేసినప్పటి వెర్షన్ చూపించమని అడగమని ఆ మేనేజర్‌కి చెప్పాను. ఆవిడ స్క్రీన్ మీదే నా 68 లక్షల రిపోర్టు తెరుచుకుంది. ఆ క్షణంలో నాకు కలిగిన ధీమా ఇంతా అంతా కాదు. నేను వివరణ ఇచ్చుకోవాల్సిన పనే లేకపోయింది.

సంతకం చేసేటప్పుడు ఫైలు మొత్తం నుంచి ఒక హాష్, అంటే ఆ ఫైలుకి వేలిముద్ర లాంటి కోడ్, తయారవుతుంది. టోకెన్ లోపలున్న ప్రైవేట్ కీ (నా ఒక్కడి దగ్గరే ఉండాల్సిన రహస్య కోడ్) ఆ హాష్ మీద సంతకం చేస్తుంది. తర్వాత ఒక్క అంకె మారినా హాష్ కలవదు. పైగా వాళ్లు వాడిన ఎడిటర్ మార్పుల్ని ఫైలు చివర చేర్చి సేవ్ చేసింది కాబట్టి నా అసలు రిపోర్టు కింద చెక్కుచెదరకుండా ఉండిపోయింది.

దీన్ని వాడే కొత్తలో "ఇక నా రిపోర్టుని ఎవరూ మార్చలేరు" అని తోటి వాల్యుయర్లకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా అనను. మార్చగలరు. మారిన సంగతి తెలుస్తుంది, అదీ ఎవరైనా తెరిచి చూస్తేనే. అదే ఫైల్ని మరో ఎడిటర్ మొత్తం తిరగరాసి ఉంటే అసలు వెర్షన్ దొరికేది కాదు, సంతకమే ఎగిరిపోయేది. ప్రింట్ తీసి ఫైల్లో పెడితే అది ఉత్త కాగితమే. ఫోన్లో వాట్సాప్ నుంచి తెరిస్తే మంచిచెడ్డలేవీ కనపడవు. సంతకం సరిగ్గానే ఉన్నా, ఈ-ఆధార్ మీద వచ్చే పసుపు ప్రశ్నార్థకం లాంటిదే సీసీఏ (డిజిటల్ సంతకాల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ) రూట్ సర్టిఫికెట్‌ని నమ్మమని రీడర్‌కి చెప్పేదాకా వస్తుంది. అది చూసి చూసి అలవాటైన క్లర్కు ఎర్ర గుర్తుని కూడా అలాగే వదిలెయ్యొచ్చు. ఆవిడ వదల్లేదు, నా అదృష్టం.

టైమ్‌స్టాంప్, అంటే సంతకం ఎప్పుడు పడిందో బయటి సర్వర్ వేసే ముద్ర, దాని సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. సర్టిఫికెట్ గడువు మూడేళ్లు దాటదు. లోన్ మొండిబాకీ అయ్యి రిపోర్టుని మళ్లీ బయటికి తీసేసరికి అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. టైమ్‌స్టాంప్ లేకపోతే సంతకం చేసిన తేదీకి మన కంప్యూటర్ గడియారమే సాక్ష్యం. అందుకే టైమ్‌స్టాంప్ సర్వర్ పెట్టుకున్నాకే ఏ రిపోర్టైనా పంపుతున్నాను.

కొన్ని ఆఫీసుల్లో టోకెన్ మీద పిన్ రాసి అంటించి అసిస్టెంటు డ్రాయర్లో పడేస్తారు. నాకు ఒళ్లు మండే విషయమిది. ప్రైవేట్ కీ ఇతరుల చేతిలో పడకుండా చూసుకునే బాధ్యత ఐటీ చట్టం 42వ సెక్షన్ మన మీదే పెట్టింది. డ్రాయర్లో టోకెన్‌తో నేను చూడని ఇంటికి కూడా నా సంతకం పడుతుంది, ఆకుపచ్చ టిక్కుతో సహా.

కొనమంటారా అంటే, నాలాగా సొంత ఆఫీసులో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన రిపోర్టు తనే పంపేవాళ్లకి కొనమనే చెప్తాను. సైట్ దగ్గర్నుంచి ఫోన్లోనే పని కానిచ్చేవాళ్లకి ఆధార్ ఈ-సైన్ (టోకెన్ లేకుండా ఆధార్ ధ్రువీకరణతో చేసే సంతకం) నయం కావచ్చు. దాని సర్టిఫికెట్ అరగంటే ఉంటుంది, దాచుకోవాల్సిన కీ ఉండదు. మా బ్యాంకుల్లో కొన్ని దానికి ఇంకా ఒప్పుకోవడం లేదు. అందుకని ఈసారి కూడా టోకెన్నే రెన్యూ చేయిస్తున్నాను, కాకపోతే రెండేళ్లకే.