యూరెయిల్ పాసు ఎవరికి గిట్టుబాటు?

యూరప్ వెళ్తున్నామని చెప్పే తెలిసినవాళ్లంతా నన్ను అడిగేది ఒకటే: రైలు పాసు కొనాలా, విడి టికెట్లు కొనాలా? కాగితం పాసు మీద ఎక్కబోయే ప్రతి రైలునూ పెన్నుతో రాసుకున్న రోజుల నుంచి, ఫోనులో క్యూఆర్ కోడ్ చూపించే ఈ రోజుల దాకా, ఒక్క పాసుతో అనేక యూరప్ దేశాల రైళ్లు ఎక్కనిచ్చే యూరెయిల్ గ్లోబల్ పాసు వాడుతూనే ఉన్నాను. అమ్మేటప్పుడు 33 దేశాల పేర్లు చెబుతారు. పెట్టిన డబ్బుకు తగ్గ సుఖం మాత్రం జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, బెల్జియం, నెదర్లాండ్స్‌లలోనే దొరుకుతుంది. మిగతా చోట్ల కాగితం, కలం తీసుకుని లెక్క వేసుకోవాల్సిందే.

ఆ ఐదు దేశాల్లో చాలా రైళ్లకు రిజర్వేషన్ తప్పనిసరి కాదు. మోకాళ్లు నొప్పిగా ఉన్నాయని అమ్మ అంటే పొద్దుటి రైలు వదిలేసి మధ్యాహ్నం వెళ్లవచ్చు. నెలల ముందు చవకగా కొన్న టికెట్టయితే ఆ రైలు వెళ్లిపోవడంతోనే దాని కథ ముగుస్తుంది. జర్మనీలో ఈ వెసులుబాటు విలువ ఇంకా ఎక్కువ. 2024లో అక్కడి దూరప్రాంత రైళ్లలో సమయానికి చేరినవి 62 శాతం చిల్లరే. ఒక రైలు తప్పితే ఇంకొకటి ఎక్కడమే తప్ప, కౌంటర్ దగ్గర బతిమాలే పని ఉండదు.

స్విట్జర్లాండ్‌లో ఒక కిటుకు ఉంది. సెయింట్ మోరిట్జ్ నుంచి ఇటలీ సరిహద్దులోని తిరానోకు దిగే బెర్నినా మార్గంలో, పెద్ద అద్దాల బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కు పాసు ఉన్నా రిజర్వేషన్ డబ్బు వేరుగా కట్టాలి. అవే పట్టాల మీద నడిచే మామూలు రైలుకు అక్కర్లేదు. పైగా దాని కొన్ని బోగీల్లో కిటికీలు దించుకోవచ్చు, ఫొటోలో మన ముఖం ప్రతిబింబం పడదు. 2,253 మీటర్ల ఎత్తున ఉన్న ఓస్పీత్సియో బెర్నినా దగ్గర మంచుగాలి ముఖాన కొడుతుంది. కిందికి వచ్చాక బ్రూసియో వద్ద రైలు తొమ్మిది కమానుల వంతెన ఎక్కి, గుండ్రంగా చుట్టు తిరిగి, ఇప్పుడే దాటిన ఆ వంతెన కిందినుంచే బయటికి వస్తుంది. దిగే దారిలో కుడివైపు సీటు దొరికితే మరీ మంచిది. అయితే స్విట్జర్లాండ్‌లోనే ఉన్న యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ అనే మంచుకొండల కనుమకు వెళ్లే కొండ రైలుకు పాసుతో తగ్గింపు మాత్రమే వస్తుంది, ఉచితం కాదు.

ఫ్రాన్స్ టీజీవీ, ఇటలీ ఫ్రెచ్చారోస్సా, స్పెయిన్ ఆవే, లండన్ వెళ్లే యూరోస్టార్... ఈ వేగపు రైళ్లన్నిటికీ పాసు మీద మళ్లీ రిజర్వేషన్ కొనాలి. కొన్నింటిలో పాసు ఉన్నవాళ్లకు ఇచ్చే సీట్లు కూడా పరిమితం. నలుగురి కుటుంబానికి తడిసి మోపెడవుతుంది. అందుకే నేను పారిస్, రోమ్ వైపు ప్రయాణాలకు విడి టికెట్లు ముందే కొనేసి, నెలలో ఏవైనా 7 రోజులు వాడుకునే పాసును ఆల్ప్స్ పరిసరాలకు దాచుకుంటాను. రోజూ వాడుకునే పాసు, తెల్లారితే ఊరు మారే కుర్రవాళ్లకే. మనవాళ్లకు ఒక ఊళ్లో మూడు రాత్రులైనా ఉండకపోతే బట్టలు ఆరవు.

రాత్రి రైలు విషయంలో నిబంధన మనకు అనుకూలం. వియన్నాలో రాత్రి ఎక్కి, మధ్యలో రైలు మారకుండా తెల్లవారి వెనిస్‌లో దిగితే పాసులో ఒక్క రోజే ఖర్చవుతుంది. బెర్తు డబ్బు వేరు.

ఇటలీ, గ్రీసుల మధ్య ఓడ కూడా పాసులో ఉంది. ఉచితం అనుకోకూడదు. రేవు పన్ను, వేసవిలో అదనపు రుసుము కట్టాలి. పాసుతో వచ్చేది డెక్ ప్రయాణం, అంటే మన పేరున ఏ సీటూ ఉండదు. ఇటలీ రేవు బారీలో ఓడ ఎక్కగానే అలవాటున్నవాళ్లు సముద్రం వైపు చూడను కూడా చూడరు. తిన్నగా లోపలి సోఫాల దగ్గరికి, అందులోనూ ప్లగ్ పక్కనున్న వాటి దగ్గరికి నడిచి దుప్పటి పరిచేస్తారు. అర్ధరాత్రికి మెట్ల కింద, నడవాల్లో కూడా మనుషులు పడుకుని ఉంటారు. ఏసీ ఎముకలు కొరికేస్తుంది, శాలువా తప్పనిసరి. పెద్దవాళ్లుంటే డబ్బుకు చూడకుండా క్యాబిన్ తీసుకోండి. మర్నాడు గ్రీసు రేవు పత్రాలో దిగాక ఏథెన్స్ దారిలో కొంత దూరం బస్సులో వెళ్లాలి. ఓడల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది సిసిలీ వెళ్లేది. ఇటలీ కొసనున్న విల్లా సాన్ జొవాన్నిలో ఇంటర్‌సిటీ రైలును ముక్కలుగా విడదీసి, బోగీలను ఓడ లోపలి పట్టాల మీదికి నెడతారు. ఆ గుద్దుళ్లకు చేతిలోని కాఫీ ఒలుకుతుంది. అవతల సిసిలీ ఒడ్డున మెస్సీనాలో మళ్లీ కలిపి నడిపిస్తారు.

విమానం నేను గ్రీసు నుంచి ఉత్తరానికి రావడానికే వాడతాను. ఆ దారిలో రైళ్లను నమ్ముకుంటే రోజులు గడిచిపోతాయి. చవక టికెట్టు చూసి మురిసిపోయే ముందు విమానాశ్రయం ఎక్కడుందో చూడండి. పారిస్ పేరు తగిలించుకున్న బోవే, నగరానికి 80 కిలోమీటర్ల పైన ఉంది. చేతిసంచి అంగుళం ఎక్కువైందని ఒక సంస్థ గేటు దగ్గర వసూలు చేసిన సొమ్ము టికెట్టు ధరను మించిపోయింది.

ఇక వీసా. షెంగెన్‌లో, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల్లో, ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, కాబట్టి పాసుకన్నా ముందు రాత్రుల లెక్క తేల్చుకోండి. మధ్యలో లండన్ వెళ్లి రావాలంటే బ్రిటన్ వీసాతో పాటు షెంగెన్‌కు ఒకటి కన్నా ఎక్కువ ప్రవేశాలు ఉండాలి. ఫోను పాసును కొన్నాక 11 నెలల్లోపు ఎప్పుడైనా యాక్టివేట్ చేయవచ్చు. పాస్‌పోర్టు మీద వీసా స్టిక్కరు పడేదాకా ఆ బటన్ జోలికి పోవద్దు. యాక్టివేట్ చేయని పాసు అయితే కొంత కోసుకుని మిగతాది వెనక్కి ఇస్తారు, తగ్గింపు ధరకు కొన్నవాటికి మాత్రం షరతులు విడిగా చదవాలి.