బి.డి. చేద్దామనుకునేవాళ్లకు: నాలుగేళ్ల ఖర్చు, ఆ తర్వాత చేతికొచ్చేది

నేను బి.డి. (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ, పాస్టర్ కావడానికి చదివే డిగ్రీ) పూర్తి చేసి తొమ్మిదేళ్లయింది. ఏటా వేసవి దగ్గర పడేసరికి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లయినా ఫోన్ చేసి "అయ్యగారూ, సెమినరీలో (ఈ చదువు చెప్పే కాలేజీలో) చేరమంటారా" అని అడుగుతారు. పిలుపు ఉందా లేదా అన్నది వాళ్లకూ దేవుడికీ మధ్య సంగతి, అందులో నేను మాట్లాడను. డబ్బు సంగతి మాత్రం ఎవరూ నోరు విప్పి చెప్పరు, నాకూ అప్పుడు ఎవరూ చెప్పలేదు, అందుకే నా లెక్క మొత్తం ఇక్కడ రాస్తున్నా.

ముందు ఒక్క మాట. బి.డి. అని బోర్డు పెట్టిన ప్రతి చోటా ఒకే డిగ్రీ రాదు. సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, బాప్టిస్టు లాంటి పాత క్రైస్తవ సంఘాల్లో మామూలుగా అడిగేది శ్రీరాంపూర్ సెనేట్, అంటే శ్రీరాంపూర్ కాలేజీ తరఫున డిగ్రీలిచ్చే మండలి, ఇచ్చే డిగ్రీ. బెంగాల్‌లోని శ్రీరాంపూర్ కాలేజీని విలియం కేరీ, ఆయన తోటి మిషనరీలు 1818లో పెట్టారు, డిగ్రీలిచ్చే అధికారం 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వచ్చింది. మన హైదరాబాద్‌లోని ఆంధ్ర క్రిస్టియన్ థియోలాజికల్ కాలేజీ, బెంగళూరులోని యు.టి.సి. (యునైటెడ్ థియోలాజికల్ కాలేజీ) ఈ సెనేట్ కింద నడిచేవే. చేరబోయే కాలేజీకి ఆ అనుబంధం ఉందో లేదో అప్లికేషన్ కొనకముందే కనుక్కోండి.

ఇక ఖర్చు. నేను బి.ఎస్సీ. అయ్యాక విజయవాడలో ఒక మందుల కంపెనీలో నెలకు 14,000కి పనిచేస్తూ, అది మానేసి చేరాను. ఫీజు, హాస్టల్, మెస్ కలిపి ఏడాదికి దాదాపు 55,000 అయ్యేది, సగం మా డయాసిస్ (ఒక బిషప్ కింద ఉండే సంఘాలన్నీ కలిసిన విభాగం) కట్టింది, మిగతా సగం మా నాన్న తెచ్చిచ్చారు. అంటే నాలుగేళ్లకు మా ఇంటి నుంచి లక్షా పదివేలు, పుస్తకాలకూ ప్రయాణాలకూ ఇంకో నలభై వేలు. లక్షన్నరే కదా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది. కానీ ఆ నాలుగేళ్లూ ఉద్యోగంలోనే ఉంటే వచ్చే జీతం 6,72,000, అదీ ఒక్క రూపాయి ఇంక్రిమెంట్ లేకుండా వేసుకుంటే. అసలు ఖర్చు అది. ఆ రోజుల్లో చెల్లి పెళ్లికి నాన్న ఒక్కరే అప్పు చేయాల్సి వచ్చింది, ఆ విషయం తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది.

చదువు విషయంలో మాత్రం నాకు ఏ ఫిర్యాదూ లేదు. హీబ్రూ, గ్రీకు, సంఘ చరిత్ర, ఇతర మతాల అధ్యయనం, కౌన్సెలింగ్, ప్రసంగం తయారీ, వారాంతాల్లో సంఘాలకు, ఆసుపత్రులకు వెళ్లి చేసే ఫీల్డ్ వర్క్, నాలుగేళ్లు ఎటు పోయాయో తెలియలేదు. చిన్నప్పటి నుంచి 136వ కీర్తనలో ప్రతి వచనం చివరా చదివిన "కృప" అన్న మాట వెనక హీబ్రూలో "హెసెద్" ఉందని, అందులో ఇచ్చిన మాట తప్పని ప్రేమ అనే అర్థం కూడా ఉందని తెలిసిన రోజు హాస్టల్‌కి వెళ్లి ఆ కీర్తన మొత్తం మళ్లీ చదువుకున్నా. మరణం జరిగిన ఇంట్లో ఏం మాట్లాడాలి, ఎప్పుడు మాట్లాడకుండా కూర్చోవాలి అన్నది కూడా అక్కడే నేర్చుకున్నా. చదువుకు అయిదుకి నాలుగున్నర ఇస్తాను. రాబడికి రెండు.

ఎందుకంటే, బయటికొచ్చాక మొదటి ఏడాది నాకిచ్చింది 9,000. డీకన్‌గా (పాస్టర్ సేవలో మొదటి మెట్టు) అభిషేకం అయ్యాక 13,500, అంటే చదువుకు ముందున్న జీతం కంటే తక్కువే. ఇప్పుడు 21,000. దాంతోపాటు మిషన్ కాంపౌండ్‌లో ఇల్లు, కరెంటు బిల్లు సంఘమే కడుతుంది, పంట చేతికొచ్చాక బియ్యం, కూరగాయలు, కోళ్లు తెచ్చిస్తారు, అవన్నీ డబ్బుల్లో వేస్తే ఇంకో ఏడెనిమిది వేలు ఉంటుంది. కానీ స్కూలు ఫీజు బియ్యంతో కట్టలేం కదా. సంఘాలు పంపే కానుకల వాటాతో డయాసిస్ మాకు జీతాలిస్తుంది, ఆ వాటాలు ఆలస్యమైతే జీతమూ ఆలస్యమే. ఒకసారి మూడు నెలలు ఆగిపోయింది. ఆ మూడు నెలలూ మా ఇల్లు నడిచింది నా భార్య టీచర్ జీతంతోనే. బదిలీ అయితే ఆమె ఉద్యోగం మళ్లీ మొదటికొస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో పాస్టర్లకు నెలకు 5,000 గౌరవ వేతనం మొదలుపెట్టింది, దాన్ని నమ్ముకుని మాత్రం ఇంటి బడ్జెట్ వేసుకోకండి.

సొంతంగా సంఘం పెట్టుకునేవాళ్ల సంగతి వేరు. అక్కడ కానుకలను బట్టి రాబడి, డిగ్రీని చూసి ఎవరూ ఎక్కువ వేయరు. కేవలం అందుకోసమైతే బి.డి. అవసరం లేదు, ఏడాది బైబిల్ స్కూల్ చేసి సేవ చేస్తున్నవాళ్లు బోలెడుమంది ఉన్నారు. సెమినరీలో పాఠాలు చెప్పాలనుకుంటే ఎం.టి.హెచ్. (మాస్టర్ ఆఫ్ థియాలజీ) కూడా చేయాలి, అంటే ఇంకా రెండేళ్లు జీతం లేకుండా. అమ్మాయిలకు దారి లేదని ఎవరైనా అంటే నమ్మకండి, 2013లో నంద్యాల డయాసిస్‌కి ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, సి.ఎస్.ఐ.లో ఆవిడే మొదటి మహిళా బిషప్. అయితే చదివాక పోస్టింగ్ ఎప్పుడిస్తారో మీ డయాసిస్‌ని గట్టిగా అడగండి, నాతో చదివిన ఒక అక్క రెండేళ్లు ఇంట్లో కూర్చుంది.

నన్ను అత్యంత భయపెట్టేది రిటైర్మెంట్. నాకు బాప్తిస్మమిచ్చిన అయ్యగారు ముప్ఫై ఏళ్ల పైన సేవ చేసి, కాంపౌండ్ ఇల్లు ఖాళీ చేసిన రోజు సామాను ఎక్కడ దించాలో తెలియక తమ్ముడింటికి పంపించారు. ఆ లారీ ఎక్కించింది మేమే.

కాబట్టి ముందు మామూలు డిగ్రీ పూర్తి చేయండి, వీలైతే బి.ఎడ్. కూడా. డయాసిస్ ఆఫీసుకు వెళ్లి ఫీజులో ఎంత కడతారు, చదువయ్యాక ఎన్నాళ్లలో పోస్టింగ్, పీఎఫ్ ఉందా, ఆరోగ్య బీమా ఉందా అని అడిగి కాగితం మీద రాయించుకోండి. అడిగితే ఏమనుకుంటారో అని నేను ఊరుకున్నాను, మీరు ఊరుకోకండి. పెళ్లయినవాళ్లు ఆఫీసుకు భార్యనో భర్తనో కూడా తీసుకెళ్లండి, ఆ జీతంతో ఇల్లు నడపాల్సింది ఇద్దరూ కదా.